ఇసుక బాకీ

ఇంత ఎండలో ఉప్పాడ, కోనపాపపేట నుంచి మత్స్యకార సోదరులు ఆటోల్లో వచ్చారు, కుర్చీలు చాలక విద్యార్థులు వెనక గోడ దగ్గర నిలబడ్డారు.

వేదిక మీద మాస్టారి పేరు పెద్ద అక్షరాల్లో రాయించారు. నేను మాత్రం ఈ గంటసేపూ మాస్టారు అనే అంటాను. నలభై ఏళ్లు అలా పిలిచిన నోటికి ఇంకో మాట రాదు.

ఆయన మాకు ఎనిమిది నుంచి పదో తరగతి దాకా సాంఘికశాస్త్రం చెప్పారు. భూగోళం పాఠం వస్తే గదిలో కూర్చోబెట్టేవారు కారు. నెలకో ఆదివారం, పాటు వేళ చూసుకుని, సముద్రం ఒడ్డుకు తీసుకుపోయేవారు. చేతిలో వెదురు కర్ర, దానికి జానెడు జానెడుకు కత్తిగాటు. చంకలో ఎర్రగుడ్డ అట్ట చిట్టా పుస్తకం. వాళ్ల నాన్నగారిది కిరాణా కొట్టు. కొట్టు మూసేశాక మిగిలిపోయిన ఖాళీ చిట్టాలు మాస్టారికి వచ్చాయి. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. ఉప్పూ పప్పూ రాయాల్సిన ఆ గళ్లలో ఆయన ఇసుక రాసేవారు.

ఒడ్డున కొబ్బరిచెట్ల మధ్య ఒక మంచినీళ్ల బావి ఉండేది. ఆ బావిగట్టు మీద నుంచి కర్ర దించి, ఇసుక ఎన్ని గాట్ల కింద ఉందో చూసేవారు. కిందటి నెల కంటే ఇసుక పైకి వచ్చి ఉంటే జమ. దిగి ఉంటే ఖర్చు. ఖర్చు రాసిన రోజున కలం మూసి మా వైపు తిరిగి అడిగేవారు: "మన ఖాతాలోంచి పోయింది సరే, ఇది ఎవరింట్లో జమ పడిందిరా?"

మాకు తెలిసేది కాదు. సముద్రంలోకి పోయింది సార్ అనేవాళ్లం. "సముద్రం తినదురా, మోస్తుంది" అనేవారు.

నేను ముప్పై ఏళ్లకు పైగా తీరం కొలిచే పనిలోనే బతికాను. పరికరాలు మారాయి. కర్ర పోయి లెవెల్ వచ్చింది, లెవెల్ పోయి ఉపగ్రహ చిత్రాలు వచ్చాయి. ప్రశ్న మారలేదు. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకు నాకు తోచిన జవాబు. తీరానికి ఇసుకే రొక్కం. ప్రకృతి ఆ రొక్కాన్ని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుస్తూనే ఉంటుంది. మనిషి కట్టిన ప్రతి కట్టడం దాన్ని మధ్యలో ఎవరో ఒకరి దగ్గర ఆపుతుంది. అలా ఎవరి దగ్గర ఆగిందో వాళ్లు, ఎవరికి అందకుండా పోయిందో వాళ్లకు బాకీపడ్డట్టే. ఆ బాకీని ఇసుకతోనే తీర్చాలి.

1. తీరం కదిలి వచ్చిన దారి

మన రాష్ట్ర తీరం పొడవు 974 కిలోమీటర్లని మనం బడిలో చదువుకున్నాం. ఈమధ్య కేంద్ర ప్రభుత్వం మళ్లీ కొలిపిస్తే 1,053 అని తేలింది. దేశం మొత్తం తీరం 7,516 కిలోమీటర్ల నుంచి 11,098కి పెరిగింది. నేల పెరగలేదు, సముద్రమూ పెరగలేదు. పటం మరింత వివరంగా గీశారు, దాంతో ప్రతి మొగ, ప్రతి వంపు, ప్రతి ఉప్పుటేరు నోరు లెక్కలోకి వచ్చాయి. ఇక్కడున్న ఉపాధ్యాయులు పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి. కొలబద్ద మారితేనే మారిపోయే పొడవును పట్టుకుని తీరాన్ని గీత అనుకోవడం ఎలా?

సుమారు 20 వేల ఏళ్ల కిందట, చలియుగం ముదిరినప్పుడు, సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి దిగి ఉంది. ఇవాళ మన బోట్లు రొయ్యకు వల వేసే చోట చాలా భాగం అప్పుడు ఎండిన నేల. సముద్రం వెనక్కి జరిగిన కాలాల్లో బయటపడ్డ ఇసుకను గాలి ఎగరేసి పోగు పెట్టింది. విశాఖపట్నానికీ భీమిలికీ మధ్య ఎర్రమట్టి దిబ్బలు అలా పుట్టినవే. ఇసుకలోని ఇనుము తుప్పుపట్టి ఎరుపెక్కింది. మనం సినిమా పాటల్లో చూసి మురిసిపోయే ఆ గుట్టలు ఒకనాటి తీరం మనకు రాసిపెట్టి పోయిన కాగితాలు.

మంచు కరిగి సముద్రం తిరిగి పైకి వచ్చింది. సుమారు 6, 7 వేల ఏళ్ల కిందట ఇంచుమించు ఇప్పటి మట్టానికి చేరి ఆగింది. అప్పటినుంచి గోదావరి, కృష్ణ పని మొదలుపెట్టాయి. ఇవాళ సముద్రానికి చాలా లోపలున్న కొల్లేరు అప్పట్లో తీరానికి ఆనుకుని ఉండేది. అక్కడి నుంచి ఇప్పటి ఒడ్డు దాకా ఉన్న నేలంతా ఈ రెండు నదులు తెచ్చిపోసిన జమ.

ఇది నమ్మడానికి పుస్తకం అక్కర్లేదు. అమలాపురంలో బస్సెక్కి సముద్రం వైపు ప్రయాణం చేయండి. కాసేపు వరి చేలు, తర్వాత రోడ్డు తెలిసీ తెలియనట్టు పైకి లేస్తుంది. అక్కడ కొబ్బరితోట, ఇళ్లు, గుడి. మళ్లీ కొంచెం దిగుతుంది, మళ్లీ వరి. మళ్లీ మెరక, మళ్లీ కొబ్బరి. ఆ మెరకలు ఒక్కొక్కటీ ఒకప్పటి సముద్రం ఒడ్డు. కెరటాలు పోసిన ఇసుక కట్ట మీద మన పెద్దలు ఇల్లు కట్టుకున్నారు, కట్టల మధ్య పల్లంలో నాట్లు వేసుకున్నారు. బావి తవ్వితే గుల్లలు పడతాయి. కోనసీమ అంటే వరుసగా పేర్చిన పాత తీరాలు. ఊరు వెనక ఊరు, ఒడ్డు వెనక ఒడ్డు.

జమతో పాటు ఖర్చూ చెప్పాలి. మన పక్కనే ఉన్న కోరింగ ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789లో, 1839లో వచ్చిన ఉప్పెనలు ఆ ఊరిని తుడిచిపెట్టాయి. సైక్లోన్ అనే మాటను 1840లలో పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ మన కోరింగ ఉప్పెన సంగతి కూడా చదివి రాసినవాడే. ఉప్పెన తర్వాత మిగిలిన రేవును ఒండ్రు పూడ్చేసింది. పొలాన్ని ఇచ్చిన గోదావరే ఓడరేవును తీసుకుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. మనిషి చేయి ఇంకా పడని ఖాతా అది.

2. ఒడ్డు పక్కన ఇంకో నది

మాస్టారు ఒకసారి పాత ఇటుకలు పగలగొట్టించి, ఆ ముక్కలకు తెల్ల సున్నం పూయించి, మా అందరి చేతా నీటి అంచున పోయించారు. అది వేసవి, దక్షిణపు గాలి గట్టిగా వీస్తున్న రోజులు. గంట తర్వాత వెతకమన్నారు. పోసిన చోట ఒక్కటీ లేదు. సున్నం పోయినా ఇటుక ఎరుపు ఆ ఇసుకలో ఇట్టే కనబడుతుంది. దొరికినవన్నీ ఉత్తరాన దొరికాయి.

అప్పుడు మమ్మల్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టి ఒక్క ఇటుక పలుకునే చూడమన్నారు. గాలి వాలుకు కెరటం ఒడ్డు మీదికి ఏటవాలుగా ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు పలుకును పక్కకు నెడుతుంది. దిగేటప్పుడు మాత్రం నీరు పల్లానికి తిన్నగా జారుతుంది, పలుకునూ తిన్నగానే లాక్కుపోతుంది. మళ్లీ కెరటం, మళ్లీ ఏటవాలు. ఇలా రంపం పళ్ల మీద నడిచినట్టు ఇసుక తీరం వెంబడి నడుస్తుంది. రోజుకు వేల కెరటాలు. ఒక్కో కెరటం జానెడో బెత్తెడో జరిపినా చాలు.

మన తీరాన మార్చి నుంచి అక్టోబరు దాకా దక్షిణ, నైరుతి గాలుల కెరటాలు ఇసుకను ఉత్తరానికి నడిపిస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యపు గాలి కొంత వెనక్కి తెస్తుంది. పోయేది ఎక్కువ, వచ్చేది తక్కువ. కూడి తీసివేస్తే ఏటా లక్షల ఘనపు మీటర్ల ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి ప్రయాణం చేస్తుంది. గోదావరికి రెండు గట్లున్నట్టే ఈ ఇసుక నదికీ ఉన్నాయి. ఒకటి మనం నిలబడే ఒడ్డు, రెండోది కెరటాలు విరిగే చోటు.

1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అమెరికా నుంచి లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త వచ్చారు. ఇక్కడివాళ్లతో కలిసి వాల్తేరు ఒడ్డున ఇసుక ఎత్తు ఎలా మారుతుందో కాలం వెంబడి కొలిచారు. ఒడ్డు ఏడాదిలోనే తరుగుతుంది, పెరుగుతుంది. ఆ పని గురించి విన్నాకే మాస్టారు తన చిట్టా మొదలుపెట్టారట. వెదురు కర్రకు ఎంత దూరం నుంచి ప్రేరణ వచ్చిందో చూడండి.

ఈ నదికి అడ్డం వేస్తే ఏమవుతుందో మనకంటే ముందు మద్రాసు చూసింది. 1870లలో అక్కడ రేవు కోసం సముద్రంలోకి గోడలు వేశారు. ఉత్తరానికి పోయే ఇసుక దక్షిణం గోడ దగ్గర ఆగి పేరుకుంది. మనం వెళ్లి బజ్జీలు తినే మెరీనా బీచ్ అంత వెడల్పవడానికి కారణం అదే. గోడకు ఉత్తరాన రాయపురం వైపు ఇసుక అందక సముద్రం ఊళ్లోకి వచ్చింది. అక్కడి జాలరి పేటల వాళ్లు తరాలుగా వెనక్కి జరుగుతూనే ఉన్నారు. ఒకే గోడ, ఒకే ఇసుక. మెరీనాను అందరూ ఫొటో తీసుకుంటారు. రాయపురాన్ని అదే ఫొటో రెండో సగంగా ఎవరూ చూపించరు.

3. విశాఖ లెక్క

విశాఖపట్నం రేవును నేను గౌరవంతో తలుచుకుంటాను. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ ఆ రేవులో మొదటిసారి అడుగుపెట్టింది. డాల్ఫిన్ నోస్ కొండ చాటున ఉన్న ఉప్పుటేరును తవ్వి కట్టిన రేవు అది. కట్టేటప్పుడే ఇంజనీర్లకు ఇసుక నది సంగతి తెలిసిపోయింది. దక్షిణం నుంచి కొండను చుట్టుకుని వచ్చే ఇసుక రేవు నోటిని పూడ్చేస్తోంది. రెండు పాత ఓడలను తెచ్చి, నోటి దగ్గర ముంచి, వాటి చుట్టూ రాళ్లు పోసి అడ్డు కట్టారు. ఆ అడ్డు వెనక ఇసుక చేరేలా గొయ్యి ఏర్పాటు చేశారు.

ఇక్కడి దాకా ఏ రేవైనా చేసే పనే. గొప్పతనం దాని తర్వాతి పనిలో ఉంది. ఆ గొయ్యిలో చేరిన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి రేవుకు ఉత్తరాన ఉన్న ఒడ్డు మీద పోయడం అలవాటు చేశారు. నా వల్ల ఆగిన ఇసుకను నేనే దాటిస్తాను అని రేవు ఒప్పుకోవడం అది. మన దేశంలో ఇసుక బాకీని బాకీగా గుర్తించిన తొలి చోట్లలో అదొకటి. 1976లో బయటి రేవు వచ్చింది, గోడలు సముద్రంలోకి ఇంకా దూరం జరిగాయి, బాకీ కూడా పెరిగింది. ఇప్పటికీ ఆర్కే బీచ్ మీద పైపుల్లోంచి బురదనీళ్లతో పాటు ఇసుక పడుతుంటే చూడడానికి జనం ఆగుతారు. అది మురుగు అనుకుని ముక్కు మూసుకునేవాళ్లను చూశాను. అది ఆ బీచ్‌కు అన్నం.

అన్నం వేళకు అందకపోతే ఏమవుతుందో కూడా అక్కడే కనబడింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాతి నెలల్లో బీచ్ ఎంత కోసుకుపోయిందంటే రోడ్డు పక్క గోడల పునాదులు బయటపడ్డాయి. తుఫానును అందరం తిట్టాం. తుఫాను వచ్చే ముందు ఒడ్డు ఖాతాలో నిల్వ ఎంత ఉందని అడిగినవాళ్లు కొద్దిమందే.

పుదుచ్చేరి కథ దీనికి ఎదురు. 1980లలో అక్కడ రేవు గోడలు కట్టారు. దక్షిణాన పేరుకున్న ఇసుకను ఉత్తరానికి దాటించాలన్న ఏర్పాటు అనుకున్నదే, అది క్రమం తప్పకుండా సాగలేదు. ఫ్రెంచివాళ్ల కాలం నాటి వీధుల ముందున్న బీచ్ కొన్నేళ్లలోనే మాయమై రాళ్లగుట్ట మిగిలింది. 2018లో సముద్రంలో ఒక మునిగిన దిబ్బ లాంటి కట్టడం వేసి, ఇసుక పోశాక కొంత బీచ్ తిరిగి వచ్చింది. ముప్పై ఏళ్లు ఆగిన బాకీ తీరిస్తే తీరుతుందని దీన్నిబట్టి తెలుస్తోంది. ఆ ముప్పై ఏళ్లలో ఉత్తరాన ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లకు మాత్రం ఆ తిరిగొచ్చిన బీచ్ పక్కవాడి పెళ్లి లాంటిది.

4. ఎగువన ఆగిన జమ

ఇప్పటిదాకా అడ్డంగా నడిచే ఇసుక గురించి చెప్పాను. అసలు ఆ ఖాతాలో జమ వేసేది నది. ఇక్కడ కాస్త నెమ్మదిగా మాట్లాడాలి, ఎందుకంటే ఈ గదిలో సగంమంది అన్నం కాలువ నీటితో పండినదే.

ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయ్యాయి. కాటన్ దొర పటం ఇంట్లో పెట్టుకున్న జిల్లాలు మనవి. దానికి నేను వంకపెట్టను. ఆ ఆనకట్టలు పొట్టివి, వరదకు ఒండ్రు వాటి మీదుగా దాటిపోయేది. స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన పెద్ద జలాశయాలు వేరు. నాగార్జునసాగర్, శ్రీశైలం, గోదావరి మీద జాయక్‌వాడి, శ్రీరాంసాగర్. నీరు నిలబడ్డచోట ఒండ్రు కింద కూర్చుంటుంది. అది ప్రకృతి ధర్మం.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య కె. నాగేశ్వరరావు, వారి సహచరులు 2010లో ఒక లెక్క ప్రచురించారు. 1970లలో గోదావరి ఏటా 15 కోట్ల టన్నుల ఒండ్రును కిందికి తెచ్చేది. 2000–2006 నాటికి అది 5.7 కోట్ల టన్నులకు పడింది. నీరు తగ్గలేదు, ఒండ్రే తగ్గింది. కృష్ణ సంగతి ఇంకా బాధాకరం. 1960ల చివర 90 లక్షల టన్నులు మోసిన నది 2000–2005 మధ్య 4 లక్షలకు వచ్చింది. కృష్ణ నీరు సముద్రం దాకా రావడమే అరుదైపోయింది. ఫలితంగా 1965 నుంచి 2008 దాకా ఈ రెండు డెల్టాల 336 కిలోమీటర్ల తీరంలో వచ్చిన నేలను, పోయిన నేలను లెక్కేస్తే నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసింది. 1990కి ముందు ఏటా 1.4 చదరపు కిలోమీటర్లు పోతే, ఆ తర్వాత 2.2కు పైగా పోతూ వచ్చింది.

ఆరు వేల ఏళ్లు ముందుకు నడిచిన డెల్టా మన జీవితకాలంలో వెనక్కి తిరిగింది. ఈ వాక్యాన్ని నేను చాలా సభల్లో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ గొంతు కొంచెం పట్టుకుంటుంది.

ఇందులో ఇంకో సంగతి ఉంది, తెలంగాణ మిత్రులకు చెప్పినప్పుడు వాళ్లు వెంటనే అందుకున్నారు. నిజామాబాద్ జిల్లా శ్రీరాంసాగర్‌ను 112 టీఎంసీలకు కట్టారు. పూడిక చేరి చేరి ఇప్పుడు అది దాదాపు 80 టీఎంసీలకు వచ్చింది. అంటే అక్కడి రైతుకు నీళ్లు నిలవాల్సిన చోట కూర్చున్న మన్ను, ఇక్కడి జాలరికి ఒడ్డు కావాల్సిన మన్ను ఒకటే. ఎగువ, దిగువ తగవు అంటూ మనం నీళ్ల గురించే కొట్టుకుంటాం. ఒండ్రు విషయంలో ఎగువా దిగువా ఇద్దరూ నష్టపోయారు, ఇద్దరి నష్టానికీ కారణం ఒక్కటే. జలాశయాల పూడిక గురించి ఇంజనీర్లు మాట్లాడుకునే గదిలో తీరం మనిషి ఒక్కడైనా కూర్చోవాలని నేను చాలాకాలంగా కోరుతున్నాను.

దానికి తోడు నదిలోని ముతక ఇసుకను ర్యాంపుల్లో లారీలకెత్తి ఇళ్లుగా కడుతున్నాం. నది తేలికపాటి మట్టినైతే మోసుకొస్తుంది గాని, ఒడ్డును నిలబెట్టేది ఆ ముతక ఇసుకే. తీరంలో 1990లలో మడలు నరికి, పర్రలు తవ్వి రొయ్యల చెరువులు చేశాం. మడచెట్టు వేళ్లు ఒండ్రును పట్టి ఉంచుతాయి, ఉప్పెన వేగాన్ని చంపుతాయి. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చి పదివేల ప్రాణాలు పోయిన జ్ఞాపకం ఉన్న జనం మనం. దీని మీద ఇంకా వివరంగా చెప్పక్కర్లేదు.

5. ఉప్పాడ

ఇంటికి వద్దాం.

కాకినాడ ముందు సముద్రం చెరువులా ఎందుకుంటుంది? హోప్ ఐలాండ్ వల్ల. గోదావరి మొగ దగ్గర పుట్టిన ఇసుక నాలుక గత రెండు వందల ఏళ్లలో ఉత్తరానికి పెరుగుతూ పెరుగుతూ ఇప్పుడు పదహారు కిలోమీటర్ల పైచిలుకు పొడవైంది. కాకినాడ రేవుకు, కోరింగ మడ అడవికి అది ప్రకృతి కట్టిన గోడ. తుఫాను వచ్చినప్పుడు కాకినాడ ఊపిరి పీల్చుకునేది దాని చాటునే.

కానీ ఆ నాలుక పెరగడానికి ఇసుక ఎక్కడిది? ఉత్తరానికి నడవాల్సిన ఇసుకే. అది నాలుక కొసన ఆగుతోంది, మిగిలింది లోతైన చోట జారిపోతోంది. పైగా కెరటాలు ఆ కొసను చుట్టుకుని వంగి, వంగిన బలమంతా ఉత్తరాన ఉన్న ఉప్పాడ ముందు ఒక దగ్గర చేరుతుందని ఇక్కడ పనిచేసిన పరిశోధకులు చూపించారు. దాని మీద రేవు గోడలు, ఓడల కోసం తవ్విన లోతైన దారి. దాని మీద నది తెచ్చే జమ తగ్గడం. ఒక్కొక్కటిగా అయితే ఉప్పాడ తట్టుకునేదేమో. నాలుగూ ఒకేచోట పడ్డాయి.

ఇక్కడ నేను ఒక మాట ఒప్పుకోవాలి. ఉద్యోగంలో ఉండగా ఒక రేవు పని నివేదిక రాసిన బృందంలో నేనూ ఉన్నాను. ఎక్కడిదో చెప్పను, ఇక్కడిది కాదు. రేవు లోపల కెరటం ఎత్తు గురించి నలభై పేజీలు రాశాం. ఉత్తరాన ఉన్న ఊళ్ల గురించి రెండు వాక్యాలు రాశాం. ప్రభావం స్వల్పంగా ఉండవచ్చు అని. కింద నా సంతకం ఉంది. ఐదేళ్ల తర్వాత ఆ ఊళ్లకు వెళ్లినప్పుడు ఒక ముసలమ్మ నాకు తన గుమ్మం చూపించింది. గుమ్మం ఉంది, ఇల్లు లేదు. ఆ రెండు వాక్యాలు నేను మర్చిపోలేదు.

ఉప్పాడలో ఏం చేశారు? రాళ్లు పోశారు. దాదాపు పదిహేనేళ్ల కిందట ఇసుక నింపిన పెద్ద పెద్ద గుడ్డ గొట్టాలు, జియోట్యూబులు వేశారు. కొన్నాళ్లు ఆపాయి, తర్వాత చిరిగి జారాయి. మళ్లీ రాళ్లు. ప్రతి తుఫానుకూ బీచ్ రోడ్డు తెగుతుంది, ప్రతిసారీ వేస్తారు. గోడ కట్టవద్దని నేననను. ఇల్లు పడిపోతున్నవాడికి రేపటి శాస్త్రం చెప్పకూడదు. కానీ గోడ ఏం చేస్తుందో తెలిసి కట్టాలి. ఇసుక ఒడ్డు మీద కెరటం పాకి, అలసి, దిగుతుంది. రాతిగోడను కొట్టిన కెరటం అలవకుండానే వెనక్కి తిరిగి, గోడ మొదట్లో ఇసుకను తవ్వుకుపోతుంది. కొన్నాళ్లకు గోడ ముందు ఒడ్డు ఉండదు. గోడ ఆఖరయ్యే చోట, అంటే పక్క ఊరి మొదట్లో, కోత మొదలవుతుంది. పక్క ఊరు కూడా గోడ అడుగుతుంది.

ఒడ్డు లేకపోతే ఏమిటి, ఇల్లు మిగిలితే చాలదా అని పట్నం నుంచి వచ్చిన ఒక అధికారి నన్నడిగారు. ఆయన్ను అలివి వల లాగుతుండగా చూడమన్నాను. తెప్పలో తీసుకెళ్లి సముద్రంలో చుట్టూ వేసిన వలకు రెండు కొసలా తాళ్లు. ఒక్కో తాడు పట్టుకుని ఇరవై, ముప్పైమంది ఒడ్డున నిలబడి, పాటకు అడుగు కలిపి, వెనక్కి వెనక్కి నడుస్తూ లాగుతారు. వెనకున్నవాడు తాడు కొస వదిలి ముందుకు వచ్చి మళ్లీ పట్టుకుంటాడు. ఆడవాళ్లు లాగుతారు, ముసలివాళ్లు లాగుతారు, బోటు కొనలేని ప్రతి ఒక్కరికీ అందులో వంతు ఉంటుంది. ఆ వల రావాలంటే వెనక్కి నడవడానికి నేల కావాలి. రాతిగోడకు వీపు ఆనించి ఎవరూ అలివి లాగలేరు. తెప్ప పైకి లాక్కోవడానికి, చేప ఎండబెట్టుకోవడానికి, వల బాగు చేసుకోవడానికి ఆ ఇసుకే పెరడు, అదే కార్ఖానా. కోనపాపపేట నుంచి వచ్చిన పెద్దాయన ముందు వరసలో తల ఊపుతున్నారు. ఈ విషయం నాకు చెప్పింది అలాంటి పెద్దవాళ్లే.

6. తీర్చే దారి

నేను కోరేవి పెద్దవేమీ కావు. రేవు గానీ గోడ గానీ కట్టేముందు దానికి రెండు వైపులా ఉన్న ఊళ్ల ఇసుక ఖాతా కనీసం మూడు నాలుగేళ్లు కొలవాలి, ఒక్క కాలంలో వచ్చి చూసిపోతే చాలదు. ఆ లెక్కను పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. కట్టడం వల్ల ఆగే ఇసుకను దాటించే ఖర్చు ఆ కట్టడం ఖర్చులోనే, అది నిలిచినన్నాళ్లూ ఉండాలి. డ్రెడ్జర్ తోడిన మంచి ఇసుకను నడిసముద్రంలో పారబోయడం మానాలి. అది పక్క ఊరి సొత్తు. నెదర్లాండ్స్ వాళ్లు 2011లో హేగ్ నగరం దగ్గర 2.15 కోట్ల ఘనపు మీటర్ల ఇసుకను ఒకే చోట పోసి, పంచే పనిని కెరటాలకు వదిలేశారు. అంత డబ్బు మనకు లేకపోవచ్చు. కెరటాలు మాత్రం ఇక్కడ కూడా కూలి అడగకుండానే పంచుతాయి.

తీర ప్రాంత నిబంధనలు 1991లో వచ్చాయి. 2019లో, జనం ఎక్కువగా ఉన్న పల్లెల్లో కట్టకూడని మేర 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గింది. ఏటా వెనక్కి జరిగే ఒడ్డు మీద 50 మీటర్లు ఎన్నేళ్లు 50 మీటర్లుగా ఉంటాయో అడగాల్సిన బాధ్యత మనది. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990–2018 చిత్రాలు పరిశీలించి, దేశ ప్రధాన భూభాగ తీరంలో మూడో వంతు కోతకు గురవుతోందని చెప్పింది. నాలుగో వంతుకు పైగా పెరుగుతోందని కూడా చెప్పింది. ఈ రెండో అంకెను పత్రికలు చిన్నగా వేశాయి. మాస్టారు ఉంటే ఆ రెండు అంకెలనూ ఒకే పేజీలో ఎదురెదురుగా రాసుకునేవారు.

మాస్టారి చిట్టాలు ఏడు. వాళ్లమ్మాయి వాటిని నాకిచ్చారు, ఇవాళ ఈ గ్రంథాలయానికి అప్పగిస్తున్నాను. ఆఖరి పుస్తకం సగం దాకా వచ్చేసరికి గాట్లు చాలలేదని రాశారు. బావి చుట్టూ ఇసుక దిగి దిగి, కర్ర నిలువెల్లా దించినా నేల తగల్లేదు. ఆ తర్వాతి పేజీల్లో బావి ఒరలు ఎన్ని బయటపడ్డాయో రాశారు. నీళ్లు తోడాల్సిన బావి ఒడ్డు మీద పొగగొట్టంలా నిలబడింది. నేను కూడా చూశాను, పిల్లలు దాని నీడలో ఆడుకునేవారు. మూడు ఒరలు, నాలుగు ఒరలు. అయిదో ఒర బయటపడిన నెలలో బావి పడిపోయింది. ఆ తేదీ ఎదురుగా ఖర్చు గడిలో ఏమీ రాయలేదు, ఒక గీత గీశారు.

ఆ కర్ర నా దగ్గరుంది. రేపు ఆదివారం. ఉదయం పాటు వేళకు ఉప్పాడ వస్తాను. వెనక నిలబడ్డ పిల్లలు ఎవరు వచ్చినా సరే. బావి లేదు కాబట్టి ఎక్కడి నుంచి కొలవాలని అడిగితే, రామాలయం కింది మెట్టు ఇంకా గట్టిగా ఉందని ఊరి పెద్దలు చెప్పారు. చిట్టా కొత్తది కొన్నాను. అక్కడి నుంచి మొదలుపెడదాం.